ఆషాఢంలో క్రిస్మస్

మా ఇళ్లలో క్రిస్మస్ ఆషాఢంలో మొదలవుతుంది. పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లలో ఉంటారు, అరచేతుల్లో గోరింటాకు తప్ప ఊళ్లో వేరే సందడి కనపడదు. బట్టల కొట్లవాళ్లు గుమ్మాలకు బ్యానర్లు కట్టి, చీరలను కిలోల లెక్కన తూచే కాలం అది. మా మేనత్తకు ఆ బ్యానరు కంటపడితే చాలు, డిసెంబరు 25 గుర్తొస్తుంది. తెనాలిలో బస్సెక్కి విజయవాడ వస్త్రలతలో దిగుతుంది. "అందరికీ మంచి రోజులు కానప్పుడేరా మనకు మంచి ధర" అనేది ఆవిడ సిద్ధాంతం. దాన్ని ఆర్థికశాస్త్రం అనుకోదు. గట్టిగా అడిగితే, ముహూర్తాల పట్టింపు లేని మతంలో పుట్టినందుకు దేవుడిచ్చిన రాయితీ అంటుంది.

నిజానికి ఆ రాయితీలో దేవుడి జోక్యం తక్కువే. వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లిళ్లకు తెప్పించిన సరుకు కొంత మిగిలిపోతుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాలు, మళ్లీ పెళ్లిళ్లు. వాటికి కొత్త సరుకు దిగాలి. మధ్యలో ఈ నెలరోజులూ కొట్టు అద్దె ఆగదు, కౌంటర్లో నిలబడే పిల్లల జీతాలు ఆగవు, అరువు మీద సరుకు పంపిన సూరత్ వ్యాపారి ఫోన్లు అసలే ఆగవు. అల్మరాలో మడతపెట్టి ఉన్న చీర కొట్టువాడికి ఆస్తి కాదు, అడ్డం. ఎంతో కొంతకు కదిలితే చాలనుకుంటాడు. తెలంగాణలో ఇదే నెలలో బోనాలు వస్తాయి గనక హైదరాబాదు మరీ చప్పబడిపోదు గానీ, పెళ్లి బట్టల బేరం మాత్రం అక్కడా నిద్రలోనే ఉంటుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లన్న సామెతలో ఆషాఢం మొదటి సగం. డిసెంబరు మూడో వారం రెండో సగం.

ఆషాఢానికీ క్రిస్మస్‌కూ మధ్య ఎడం ఏటా మారుతుంది. ఒకటి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, జూన్ చివర నుంచి ఆగస్టు దాకా అటూ ఇటూ జరుగుతుంది. రెండోది గోడకు కొట్టిన మేకులా కదలదు. ఆషాఢానికి ముందు అధిక మాసం పడ్డ ఏడు అత్తయ్యకు వ్యవధి తగ్గుతుంది. మా సంఘంలో తిథులు, అధిక మాసాలు ఇంత శ్రద్ధగా చూసే మనిషి మరొకరు ఉండరు. "పంచాంగం చూస్తున్నావేంటి అత్తయ్యా, పాస్టరు గారు వింటే?" అని అడిగితే, "ముహూర్తం కోసం చూస్తే పాపం. ధర కోసం చూస్తే ఏం పాపం?" అంటుంది.

ముందుగా కొనడంలో తిరకాసులు లేకపోలేదు. మొదటిది, పిల్లలు ఎదుగుతారు. ఆషాఢంలో సరిపోయిన గౌను క్రిస్మస్ నాటికి మోకాళ్లెక్కుతుంది. అందుకని ఆవిడ పెరిగే పిల్లలకు రెడీమేడ్ జోలికి పోదు, గుడ్డే తీసుకుంటుంది. గుడ్డ ఎదగదు, తరగదు. నవంబరులో కొలత తీయించి కుట్టిస్తుంది, అప్పుడు కూడా అంచు లోపలికి రెండంగుళాలు మడత పెట్టిస్తుంది. ఆ మడత వచ్చే ఏటి ఈస్టరుకు విప్పుతారు. రెడీమేడ్లు పెరగడం ఆగిపోయిన వాళ్లకు మాత్రమే, అంటే మావయ్యకూ నాలాంటి వాళ్లకూ. అడ్డంగా పెరిగే సంగతి ఆవిడ లెక్కలోకి తీసుకోదు.

రెండో తిరకాసు దర్జీ. ఆది జాకెట్టుతో సహా గుడ్డ అక్టోబరులోనే ఇచ్చేసినా, అది సంచుల గుట్ట అడుక్కి చేరి, చివర ఇచ్చినవాళ్లు పైనుండి కేకలేసి ముందు తీసుకుపోతారు. ముందు వచ్చినవారికి ముందు అన్న ధర్మం దర్జీ కొట్లో చెల్లదు. ముందు పోట్లాడినవారికి ముందు. అత్తయ్య దానికీ విరుగుడు కనిపెట్టింది. మాది డిసెంబరు 8న పండగ అని చెబుతుంది. సెమీ క్రిస్మస్ అని ఒకటి ఉంది కదా, డిసెంబరు నెలలో ఏ కాలేజీలోనో ఏ ఆఫీసులోనో రోజూ జరుగుతూనే ఉంటుంది. కాబట్టి అబద్ధం కాదంటుంది. దర్జీ కూడా తెలిసిన మనిషే. డిసెంబరు 8 అంటే 18 అని రాసుకుంటాడు. మధ్యలో మాకు బట్టలు వస్తాయి.

కొన్నిటిని ముందుకు జరపవచ్చు, కొన్నిటిని జరపలేం. పొదుపంతా ఈ తేడా తెలియడంలోనే ఉంది. పండగనాటి కోడిమాంసం ఆషాఢంలో కొని పెట్టుకోలేం. వేటమాంసం ధర డిసెంబరు 24 సాయంత్రం ఎంత చెబితే అంత. పూలు, పాలు అంతే. కేకు మాత్రం మధ్యరకం. అందులో వేసే ఎండుద్రాక్ష, చెర్రీలు, నారింజ తొక్క నెలా రెండు నెలల ముందే ద్రాక్షరసంలోనో రమ్ములోనో నానాలి. నానినకొద్దీ రుచి. ఇంగ్లండులో క్రిస్మస్ పుడ్డింగు కలపడానికి క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలానికి ముందు వచ్చే ఆఖరి ఆదివారాన్నే కేటాయించుకున్నారు. ఇంట్లో అందరూ తలా ఒక తిప్పు గరిటె తిప్పాలి. అంటే, ఆలస్యమైతే ఖర్చు పెరగడమే కాదు, రుచి కూడా పోయే వంట అది. మన గులాబీ పువ్వులు, కజ్జికాయలు ఆ కోవలోవి కావు, పండగ వారంలో పొయ్యి దగ్గర చెమటలు కక్కాల్సిందే. అయితే వాటికి కావలసిన పచారీ సామాను మాత్రం నవంబరులో తెచ్చి డబ్బాల్లో పోయవచ్చు.

రైలు టికెట్టుకు ఆత్రం ఎక్కువైనా పని జరగదు. ఒకప్పుడు 120 రోజుల ముందు రిజర్వేషను దొరికేది. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు కుదించారు. డిసెంబరు 23న హైదరాబాదు నుంచి బయలుదేరాలంటే అక్టోబరు 24 ఉదయం ఎనిమిది గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆ పూట దాటితే మిగిలేవి వెయిటింగ్ లిస్టు, తత్కాల్, ఆ తర్వాత ప్రైవేటు బస్సువాడి దయ. మా తరం ఊరి నుంచి బయటపడ్డాక క్రిస్మస్ ఖర్చులో బట్టల్ని మించిపోయింది ఈ ప్రయాణం. అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి మరీను. డిసెంబరు విమాన టికెట్టు కోసం వేసవిలోనే లెక్కలు వేసుకుంటారు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ దాటగానే, ఊళ్లో తమ్ముడికి ల్యాప్‌టాపు, వదినకు సెంట్లు కొని సూట్‌కేసు బరువు తూచుకుంటారు. వాళ్ల ఆషాఢం ఆ మర్నాటి శుక్రవారమే.

పండగ వెళ్లిన మర్నాడు మాత్రం ముందుచూపు ఉన్నవాళ్లది. డిసెంబరు మొదట్లో గుమ్మానికి వేలాడదీసే కాగితపు నక్షత్రాలు, రంగు బల్బుల దండలు, ప్లాస్టిక్ చెట్టు, పశువులపాక బొమ్మలను జనవరిలో అడిగే దిక్కుండదు. అత్తయ్య నక్షత్రాన్ని అప్పుడు కొంటుంది. పదకొండు నెలలు మంచం కింద ఉంటుంది. ఎలకలు కొట్టకుండా కాపాడే బాధ్యత మావయ్యది.

ఇదంతా ఆవిడ గుర్తు పెట్టుకునే పద్ధతి ఒక డైరీ. ఇన్సూరెన్సు ఏజెంటు ఉచితంగా ఇచ్చినది. అందులో మనుషుల పేర్లు, కొలతలు, గత ఏడు ఎవరికి ఏ రంగు ఇచ్చింది, ఎవరు మొహం మాడ్చుకున్నారు అన్నవన్నీ ఉంటాయి. అన్నిటికన్నా విలువైనది ధరల పేజీ. కుక్కరు, మిక్సీ, దుప్పటి, కిలో జీడిపప్పు, మావయ్య వేసుకునే రకం చొక్కా ఏ నెలలో ఎంత ఉన్నాయో రాసి ఉంటుంది. ఈ పేజీ లేకపోతే సేల్ అనే మాటకు అర్థం లేదు. సగానికి సగం తగ్గించాం అని బోర్డు పెట్టినవాడు దేనిలో సగమో చెప్పడు. పెట్టె మీద అచ్చయిన గరిష్ఠ చిల్లర ధర చూపిస్తాడు. గరిష్ఠ ధర అంటే అంతకు మించి అమ్మకూడదని చెప్పే హద్దు. నిన్నటిదాకా ఆ ధరకే అమ్మాడని హామీ కాదు. నిన్న 1,400కు అమ్మిన కుక్కరును ఇవాళ 2,800 కొట్టేసి 1,400కు ఇస్తున్నానంటే, తగ్గింది మన తెలివి తప్ప ధర కాదు.

యూరపువాళ్లు దీనికి చట్టమే చేశారు. 2022 మే 28 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో, ధర తగ్గించామని ప్రకటించే కొట్టు, అంతకు ముందు కనీసం 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపించాలి. పండగ ముందు ధర పెంచి, పండగనాడు దించి, తగ్గించాం అని డప్పు కొట్టడం కుదరదు. అత్తయ్య డైరీలో ధరల పేజీ చేసేది సరిగ్గా ఆ పనే. యూరపు పార్లమెంటు చేసిన పని మా ఇంట్లో బాల్‌పెన్ను చేస్తుంది.

ఆ పేజీ పక్కన ఈ మధ్య నేనూ కొన్ని లెక్కలు చేర్చాను. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టల మీద జీఎస్టీ, ఒక్కొక్కటి 2,500 రూపాయల లోపు అయితే 5 శాతం, దాటితే 18 శాతం. తగ్గింపు పోను మిగిలిన ధర మీదే ఈ గీత. పన్ను కాక 2,500 ఉన్న చొక్కా 2,625కు వస్తుంది. 2,600 ఉన్నది 3,068 అవుతుంది. వంద రూపాయల తేడా నాలుగు వందల నలభై మూడుకు పెరిగింది. గీతకు కాస్త పైన ఉన్న బట్ట సేల్‌లో గీత కిందికి దిగిందంటే అప్పుడది నిజమైన చవక.

రెండో లెక్క వాయిదాలది. ఆన్‌లైన్ సేల్స్‌లో వడ్డీ లేని వాయిదాలు అని ఊరిస్తారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఒకేసారి కట్టేవాడికి వచ్చే తగ్గింపును వాయిదాలవాడికి ఆపి, దాన్నే వడ్డీ కింద సర్దుతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ విడిగా కార్డు బిల్లులో వస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు మరోటి. చిన్న మొత్తాలే, ఎవరూ గమనించరు. గమనించకపోవడం మీదే ఆ వ్యాపారం నడుస్తోంది. ఇక ఆన్‌లైన్‌లో పెద్ద జాతర క్రిస్మస్‌కు జరగదు. ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబరు 6న తొలి బిగ్ బిలియన్ డే పెట్టిన దగ్గర్నుంచీ మన దేశంలో పెద్ద తగ్గింపులు దసరా, దీపావళి ముందరే. అది దాటితే మళ్లీ రిపబ్లిక్ డేకు. కాబట్టి క్రిస్మస్‌కు అమ్మకు ఫోను కొనాలనుకున్నవాడు దసరాకే కొనాలి. మళ్లీ అదే సూత్రం: బట్టలు ఆషాఢంలో, ఫోను దసరాలో, నక్షత్రం జనవరిలో. మన పండగకు మన వస్తువు ఎప్పుడూ ఖరీదే. చవక ఇంకొకరి క్యాలెండరులో ఉంటుంది.

ఇంతవరకూ చెప్పినదంతా వస్తువును కాలంలో వెనక్కి జరపడం. దానికన్నా కష్టమైనది డబ్బును ముందుకు జరపడం. జూలైలో ఉన్న వెయ్యి రూపాయలు డిసెంబరు దాకా బతికి ఉండాలి. మధ్యలో దానికి ఎన్ని గండాలో! స్కూలు ఫీజు, జ్వరం, చుట్టాల పెళ్లి, పైకప్పు కారడం. పోపుల డబ్బాలో ధనియాల కింద దాచిన నోటుకు కూడా ఇంట్లోవాళ్ల చెయ్యి తెలుసు. అందుకే చీటీ పుట్టింది.

పండగ చీటీల్లో రెండు రకాలు. ఒకటి, నెలనెలా కట్టి డిసెంబరులో అందరూ ఒకేసారి తీసుకునేది. ఇందులో పెరిగేది ఏమీ ఉండదు, కట్టిందే తిరిగొస్తుంది. రెండోది పాట చీటీ. 20 మంది, నెలకు 1,000, చీటీ 20,000 అనుకుందాం. నవంబరు పాటలో అందరికీ పండగ అవసరమే గనక, ఒకరు 6,000 వదులుకుని 14,000కు పాడుకుంటారు. అదే మనిషి ఆగగలిగి ఫిబ్రవరిలో పాడుకుంటే 2,000 వదులుకుంటే సరిపోవచ్చు. వదులుకున్నది నిర్వాహకుడి కమిషను పోను మిగతా అందరికీ పంచుతారు. ఆషాఢం కొట్టుకూ చీటీ పాటకూ తేడా ఏమీ లేదు. పదిమందికీ ఒకేసారి కావలసినదాని ధర పెరుగుతుంది, అది చీరైనా, చీటీ డబ్బైనా. రిజిస్టరు చేసిన చిట్లకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉంది, నిర్వాహకుడి కమిషనును 2019లో 5 నుంచి 7 శాతానికి పెంచారు. మా వీధుల్లో నడిచే చీటీలకు ఆ చట్టం అండ ఉండదు, నిర్వాహకురాలి మొహమే పూచీ.

వడ్డీ రాని చోట డబ్బు పెట్టడం తెలివితక్కువ కదా అని బ్యాంకు ఉద్యోగం చేసే మా బావ వాదిస్తాడు. అమెరికాలో సరిగ్గా ఈ తెలివితక్కువ పనే నూరేళ్లకు పైగా సాగింది. 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ అనే ఊళ్లో, ఒక బ్యాంకు కోశాధికారి మెర్కెల్ లాండిస్ క్రిస్మస్ క్లబ్బు మొదలుపెట్టాడు. వారం వారం కొంచెం కట్టాలి, పండగ ముందు మొత్తం తీసుకోవాలి. ఇలాంటి క్లబ్బులు దేశమంతా పాకాయి. చాలా చోట్ల వడ్డీ నామమాత్రం, మధ్యలో తీసుకుంటే కోత. అయినా జనం ఎగబడ్డారు. ఎందుకని? 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ ఈ క్లబ్బులను ఉదాహరణగా తీసుకుని వివరించాడు. తన చేతికే తాను తాళం వేసుకోవడానికి మనిషి ఖరీదు చెల్లించడానికీ వెనుకాడడు. వడ్డీ రాకపోవడం ఆ తాళానికి కట్టే అద్దె. మా బావ ఈ మాట విని తల ఊపాడు. అత్తయ్య మాత్రం, "ఈ మాటకు నోబెలెందుకు, నన్నడిగితే చెప్పేదాన్నిగా" అంది.

తాళం ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు భయం కూడా ఉంటుంది. బ్రిటన్‌లో ఫేర్‌పాక్ అనే సంస్థకు ఏడాది పొడుగునా కడుతూ వచ్చి, క్రిస్మస్‌కు తిండి సామాన్ల బుట్టలు గానీ, కొట్లలో చెల్లే కూపన్లు గానీ తీసుకునే ఏర్పాటు ఉండేది. ఎక్కువగా చిన్న సంపాదనల ఇళ్లవాళ్లే కట్టేవారు. 2006 అక్టోబరులో, పండగ ఇంకా రెండు నెలలుందనగా, అది కూలిపోయింది. లక్షకు పైగా మంది ఆ ఏడు ఉత్త చేతులతో మిగిలారు. మన వైపు దీనికి వేరే పేరుంది. ఫలానావాళ్లు ఐపీ పెట్టారట అని సాయంత్రం పంపు దగ్గర వినపడితే, ఆ వీధిలో ఆ రాత్రి చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. పొదుపు చేసేవాళ్లకు చెప్పే నీతులన్నీ ఖర్చు గురించే. దాచుకున్నది ఎక్కడ దాచుకోవాలన్న సంగతి దగ్గరకొచ్చేసరికి నీతులు చెప్పేవాళ్లు సర్దుకుంటారు. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టవచ్చు. కానీ అది అయిదేళ్ల ఒప్పందం, మధ్యలో మూయడానికీ నిబంధనలు. ఏడాదికి సరిపోయే వాయిదా కావాలంటే బ్యాంకులో పెట్టుకోవాలి. ఆ తాళానికి వడ్డీ కూడా వస్తుంది, ఐపీ భయమూ తక్కువ. అత్తయ్య ఇప్పుడు సగం అక్కడ, సగం చీటీలో వేస్తుంది. చీటీ ఎందుకు మానలేదంటే, ఆ పాట రోజున వచ్చే టీ, కబుర్లు బ్యాంకు ఇవ్వదు కదా అంటుంది.

ఇక అసలు లెక్క. ఒక మామూలు ఇంట్లో క్రిస్మస్ ఖర్చు 20,000 అనుకుందాం, అందులో బట్టలవి సగం. ఆషాఢంలో 30 శాతం నిజంగానే తగ్గిందనుకుంటే మిగిలేది 3,000. అదే 20,000 ముందు కూడబెట్టక, డిసెంబరులో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600. వచ్చే క్రిస్మస్ దాకా అసలు తీర్చలేకపోతే 7,200. నూటికి మూడు అంటే సంవత్సరానికి 36 శాతమని మనం మామూలుగా గుణించుకోం. నోటితో మూడే అంటాం గనక మూడులాగే వినపడుతుంది. నెలకు 1,700 చొప్పున పన్నెండు నెలలు ఏ డబ్బాలో వేసినా 20,400 అవుతుంది. ఆ డబ్బా ఇచ్చే తగ్గింపును ఏ కొట్టూ ఇవ్వలేదు. పండగ పొదుపులో అతి పెద్ద సేల్ అప్పు చేయకపోవడం. దానికి బ్యానరు ఎవరూ కట్టరు, ఎందుకంటే దానిమీద ఎవరికీ లాభం రాదు.

ఈ మాటలు నేను ఇంత ధీమాగా రాయగలగడానికి కారణం నాకు నెల జీతం వస్తుంది. డెల్టాలో కూలి పని చేసే ఇంటికి ఆషాఢం ఏం కాలమో తెలుసా? నాట్లు అప్పుడే మొదలవుతుంటాయి, లేదా కాలవకు నీళ్లు రాలేదని ఆగి ఉంటాయి. రైతు విత్తనాలకూ ఎరువులకూ చేబదులు తిరుగుతుంటాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేది సార్వా కోతలప్పుడు, నవంబరు, డిసెంబరుల్లో, సరిగ్గా బట్టల కొట్లో ధర ఎక్కి కూర్చున్నప్పుడు. ముందే కొనుక్కోవాల్సింది కదా అని వాళ్లకు చెప్పడం, వర్షం పడకముందే తడవాల్సింది అన్నట్టు ఉంటుంది. తగ్గింపు ధర అందరికీ తెరిచిన తలుపులాగే కనపడుతుంది గానీ, తాళంచెవి ఖాళీ కాలంలో చేతిలో డబ్బున్నవాళ్ల దగ్గరే ఉంటుంది. లేనివాడు ఎక్కువ ధరకు కొని, ఎక్కువ వడ్డీకి తెచ్చి, ముందుచూపు లేదన్న మాట కూడా పడతాడు.

ఈ అన్యాయాన్ని సేల్ దిద్దలేదు, కొంతవరకు సంఘం దిద్దగలదు. మిజోరంలో ఇంటింటా అమ్మలు వంటకు బియ్యం తీసేటప్పుడల్లా ఒక పిడికెడు విడిగా పోసి, చర్చికిస్తారు. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు దాన్ని. నూరేళ్లకు పైగా సాగుతోంది, ఆ పిడికెళ్లతోనే అక్కడి చర్చిలు ఎన్నో పనులు నడుపుతున్నాయి. మా స్త్రీల సమాజంవాళ్లు కూడా బియ్యం పోగుచేసే డబ్బా ఒకటి పెట్టారు. పిడికెడు బియ్యానికి ఏ ఇల్లూ చితికిపోదు, రోజు కూలి ఇల్లు కూడా. డిసెంబరులో ఆ బియ్యం అమ్మిన డబ్బు, పండగ లేని ఇళ్లకు వెళుతుంది. పెద్ద మొత్తాలు దాచలేని వాళ్లకు, ప్రతి పూటలోంచీ గమనించనంత తీసిపెట్టడం ఒక్కటే దారి. అందులో ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఒక్కోసారి ఒకరే కావడం దానికున్న మర్యాద.

ఒక ఏడు ఆగమన కాలంలో పాస్టరు గారు రేపటి గురించి బెంగ పెట్టుకోవద్దన్న క్రీస్తు మాట మీద ప్రసంగం చేశారు. ఆకాశపక్షులు కొట్లలో కూర్చుకోవు కదా అన్నారు. బయటకొచ్చాక ఆవిడ ముందుచూపుల గురించి తెలిసినవాళ్లందరూ అత్తయ్య వైపే చూశారు. ఆవిడ తొణకలేదు. "చింత వద్దన్నాడు గానీ చీటీ వద్దనలేదుగా" అంది. ఆ మాట తీసిపారేయవలసింది కాదు. డిసెంబరు 20న అప్పుకోసం తిరిగే మనిషి తలలో రేపు తప్ప ఇంకేమీ ఉండదు. జూలైలో ఒక గంట రేపటి గురించి ఆలోచించినవాళ్లకు డిసెంబరంతా ఇవాళ్టితో గడపడానికి కుదురుతుంది. మా ఇంట్లో డిసెంబరు నెల నిజంగానే ఖాళీగా ఉంటుంది. క్యారల్స్ బృందం రాత్రి ఏ వేళకొచ్చినా కాఫీ పెట్టే ఓపిక ఉంటుంది, గులాబీ పువ్వుల చట్రం పక్కింటికి అరువిచ్చే తీరిక ఉంటుంది.

ముందుచూపుకు ఒక జబ్బు ఉంది, దాన్ని చెప్పకపోతే ఇది సేల్ కరపత్రం అవుతుంది. చవక అలవాటు అవసరాన్ని మింగేస్తుంది. అత్తయ్య అల్మరాలో ఎవరికీ ఇవ్వని దుప్పట్లు, ఎవరికీ సరిపోని చొక్కాలు పేరుకుని ఉన్నాయి. తగ్గింది కదా అని కొన్నవి. 700 దుప్పటి 400కు కొంటే 300 మిగిలినట్టు డైరీలో రాసుకుంటుంది గానీ, దుప్పటి అక్కర్లేనప్పుడు పోయింది 400. పొదుపు ఎంత ముదిరినా ఖర్చు కోసమే ఉండాలి. పండగకని దాచి, పండగనాడు గీచి గీచి పెట్టే ఇల్లు పండగ చేసుకున్నట్టు కాదు.

ఈ జబ్బుకు మందు కూడా ఆవిడ డైరీలోనే చూశాను. ఇంట్లోవాళ్ల పేర్లన్నీ అయ్యాక కింద పేరు లేని గడులు కొన్ని వదిలి ఉంచుతుంది. వాటికి కూడా బట్టలు, డబ్బు కేటాయించి ఉంటాయి. ఎవరికని అడిగితే, "ఎవరొస్తారో నాకేం తెలుసు" అంటుంది. ఆ ఏడు కొత్తగా సంఘంలో చేరిన ముసలావిడ కావచ్చు, పండగకు ఊరికి వెళ్లలేకపోయిన హాస్టలు పిల్ల కావచ్చు, వేరే రాష్ట్రం నుంచి మేస్త్రి పనికొచ్చి షెడ్డులో ఉంటున్న కుర్రాడు కావచ్చు. అప్పు మీద పండగ చేసేవాళ్లు ఎంత మంచివాళ్లయినా ఈ గడులు ఉంచలేరు, వాళ్ల డబ్బుకు ముందే అప్పులవాడి పేరు రాసి ఉంటుంది. ఎవరికో తెలియకుండానే ఇవ్వడానికి సిద్ధపడాలంటే ముందు చేతిలో ఉండాలి, చేతిలో ఉండాలంటే ఆషాఢం నుంచే మొదలుపెట్టాలి. సేల్‌లో మిగిలే మూడు వేలకు అంతకంటే మంచి వాడుక నాకు కనపడలేదు. ఈ ఏడు నా లెక్కల పుస్తకంలోనూ రెండు గడులు ఖాళీగా వదిలాను. వాటికి ఏ కొలత గుడ్డ కొనాలో అత్తయ్యనే అడగాలి.